అమీర్‌పేటలో దొరకని కోర్సు

అమీర్‌పేటలో దొరకని కోర్సు లేదంటారు. మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, వద్దన్నా చేతిలో పాంప్లెట్ పెడతారు. జావా ఫుల్ స్టాక్, పైథాన్, సేల్స్‌ఫోర్స్, పవర్ బీఐ, ఈమధ్య ప్రతి బోర్డు మీదా జెన్ ఏఐ. వై2కే రోజుల్లో ఇవే సందుల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ చెప్పేవాళ్ళు. తర్వాత ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్ వచ్చాయి. జిరాక్స్ షాపుల్లో ఏ కోర్సుకి ఆ కోర్సు రన్నింగ్ నోట్స్ స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతారు. క్లాసుకి పోకపోయినా నోట్స్ కొనుక్కుని ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చు. ఇంత బజారులో ఒక్క సరుకు మాత్రం నాకెక్కడా కనపడలేదు. రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని, ఆఫీసుల్లో బిల్డ్ అంటామే, దాన్నొక విద్యగా నేర్పుతామనే బోర్డు. డెవాప్స్ కోర్సులో ఒక పూట మేవెన్ అనే బిల్డ్ పనిముట్టు గురించి చెప్పి దాటేస్తారు.

ఆ పూటైనా ఇంటర్వ్యూలో అడుగుతారన్న భయంతో చెప్పేదే. వాలిడేట్, కంపైల్, టెస్ట్, ప్యాకేజ్, వెరిఫై, ఇన్‌స్టాల్, డిప్లాయ్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు పిల్లలు. "సరే, బిల్డ్ అయ్యాక వచ్చే టార్గెట్ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టాలా, వద్దా?" అని అడగండి; గిట్ అంటే టీమంతా కోడ్ దాచుకునే చోటు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నేను ఆ బిల్డ్ పనే చేసుకుని బతుకుతున్నాను. మాది మిర్యాలగూడ. ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ, అమీర్‌పేటలో జావా నేర్చుకుని, ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు ఎవరూ కోరుకోని బిల్డ్ అండ్ రిలీజ్ టీమ్‌లో పడ్డాను. పడ్డాక నచ్చింది. ఇప్పుడు వారమంతా గచ్చిబౌలిలో ఉద్యోగం, శనివారాలు అమీర్‌పేట సందులో ఒక చిన్న బ్యాచ్. మా అమ్మకి నా పనేంటో ఇప్పటికీ అర్థం కాదు. "అందరి పనీ ఆగిపోయినప్పుడు నాకు ఫోన్ చేస్తారమ్మా" అని చెప్పాను ఓసారి. "మరి ఆగనప్పుడు?" అంది. ఆగనప్పుడు నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఈ వ్యాసం ఆ ఆగనప్పటి గురించే.

సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని పాఠకుల కోసం రెండు ముక్కలు. పెద్ద ప్రోగ్రామ్ అంటే ఒక ఫైలు కాదు, వేల ఫైళ్ళు. ఏది ముందు కంపైల్ చెయ్యాలి, ఏది దేని మీద ఆధారపడింది, ఒకటి మారితే మిగతావాటిలో ఏవేవి మళ్ళీ చెయ్యాలి అన్నది ఇంకో ఫైల్లో రాసి ఉంటుంది. అదే బిల్డ్ ఫైల్. ప్రాజెక్టు చిన్నదైతే దాన్ని మనిషే రాస్తాడు. పెద్దదైతే మనిషి వల్ల కాదు కాబట్టి, బిల్డ్ ఫైళ్ళను తయారుచేసే ఇంకో ప్రోగ్రామ్ ఉంటుంది. గూగుల్ క్రోమ్‌కి పునాది అయిన క్రోమియమ్ ప్రాజెక్టునే తీసుకోండి. దాన్ని బిల్డ్ చెయ్యడానికి నింజా అనే పనిముట్టును అక్కడ పనిచేసిన ఎవాన్ మార్టిన్ రాశాడు. నింజా ఫైళ్ళు చేత్తో రాసేందుకు కావని దాని మాన్యువల్లోనే ఉంది. వాటిని రాసిపెట్టడానికి మొదట జిప్ అనే పనిముట్టు ఉండేది, ఆ తర్వాత జీఎన్ వచ్చింది. బిల్డ్ ఫైల్లో ఒక చిన్న మార్పు చేసి బిల్డ్ కొడితే తెర మీద మొట్టమొదట కనపడేది మీ కోడ్ సంగతి కాదు, "రీజెనరేటింగ్ నింజా ఫైల్స్" అనే లైను. సీమేక్ వాడే ప్రాజెక్టుల్లో "రీ-రన్నింగ్ సీమేక్" అని వస్తుంది. కోడ్‌ని తయారుచేసే ఫైళ్ళనే మళ్ళీ తయారుచేసుకుంటోందన్నమాట. అది అయ్యేదాకా మనం చూస్తూ కూర్చోవాలి.

కూర్చోవడం గురించి నాకు పెద్దగా పేచీ లేదు. క్రోమియమ్ లాంటిది మామూలు లాప్‌టాప్ మీద మొదటిసారి కట్టాలంటే గంటలకు గంటలు పడుతుంది. దానికి ఎవర్నీ తిట్టలేం. నా పేచీ ఆ లైను వచ్చినప్పుడు జరిగేదాని మీద. ఏ ఫైలు మారిందని ఇది మళ్ళీ తయారుచేస్తోంది? కొత్తగా ఏం రాసింది? పాతదానికీ దీనికీ తేడా ఏంటి? తెర ముందు కూర్చున్న పదిమందిలో తొమ్మిదిమందికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. తయారైతే చాలు. తయారుకాకపోతే చెయ్యాల్సిన పని ఒకటి అందరికీ వచ్చు. క్లీన్, అంటే అప్పటిదాకా తయారైనదంతా తుడిచెయ్యడం.

"అక్కా, బిల్డ్ పోయింది" అంటూ మా ఆఫీసులో కొత్త పిల్లలు వస్తారు. ఏం చేశావంటే, "క్లీన్ చేసి మళ్ళీ కొట్టానక్కా." మళ్ళీ పోతే? "డాట్ ఎమ్‌2 ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి కొట్టాను." మేవెన్ దించుకున్న లైబ్రరీలన్నీ ఉండేది అందులోనే. అప్పటికీ కాకపోతే ప్రాజెక్టు మొత్తం తీసేసి గిట్ నుంచి కొత్తగా దించుకుంటారు. కూరలో ఉప్పు ఎక్కువైందని అన్నం గిన్నెతో సహా పారబోసి పొయ్యి వెలిగించడం మొదలుపెట్టినట్టు. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా, అదే వచ్చిన చిక్కు. పనిచేసిందంటే ఇక కారణం వెతకరు, అదే తప్పు వచ్చే వారం ఇంకొకరి లాప్‌టాప్‌లో పైకి తేలుతుంది.

క్లీన్ చెయ్యడమే తప్పని నేననను. ఫైర్‌ఫాక్స్ సోర్స్‌లో అన్నిటికన్నా పై ఫోల్డర్లో క్లాబర్ అని ఒక ఫైలుంటుంది. అందరూ తమ బిల్డ్‌ని మొదటి నుంచి చెయ్యక తప్పదనిపించినప్పుడు ఆ ఫైల్ని మారుస్తారు. అయితే ఊరికే మార్చకూడదు. ఏ బగ్ నంబర్ వల్ల, ఎందుకు మొత్తం తుడిచి మళ్ళీ చెయ్యాల్సి వస్తోందో ఒక లైను అందులో రాయాలి. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ళ బిల్డ్‌లో తప్పులుండవని కాదు. తుడవాల్సి వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పిందని వాళ్ళు ఒప్పుకుంటున్నారు, కారణం పదిమందీ చదివేచోట పెడుతున్నారు. మన దగ్గర ప్రతివాడూ తన లాప్‌టాప్‌లో గుట్టుగా తుడుచుకుంటాడు.

అసలీ బిల్డ్ పనిముట్లు పుట్టిందే ఇలాంటి వృథా కష్టం నుంచి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా ఒక ప్రోగ్రామ్‌లో తప్పు కోసం వెతికాడు. తప్పు అప్పటికే సరిచేసి ఉంది. సరిచేసిన ఫైల్ని మళ్ళీ కంపైల్ చెయ్యలేదు, అంతే. అతని గోడు విన్న స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ కూర్చుని మేక్ అనే ప్రోగ్రామ్ రాశాడు. ఏ ఫైలు ఎప్పుడు మారిందో టైమ్ చూస్తుంది. సోర్స్ కొత్తదై, దాన్నుంచి తయారైంది పాతదైతే మళ్ళీ చేస్తుంది. ఇంత చిన్న ఊహకు ఏసీఎమ్ సంస్థ 2003లో అతనికి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఇచ్చింది. మేక్ ఫైల్లో లైను ముందు స్పేస్ కాకుండా ట్యాబ్ కొట్టాలన్న నియమాన్ని ఇప్పటికీ పిల్లలు తిట్టుకుంటారు. ఆ నియమం బాగాలేదని ఫెల్డ్‌మన్‌కి కొద్ది వారాల్లోనే తెలిసిందట. కానీ అప్పటికి ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ డజను మంది మొహమాటం ప్రపంచం మొత్తం ఇంకా మోస్తోంది.

ఆ టైమ్ లెక్క ఎక్కడ దెబ్బతింటుందో నా బ్యాచ్‌లో ఒక కుర్రాడు చూపించాడు. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్ అతనిది. సీ భాషలో కరెంటు బిల్లు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ రాయమన్నాను. రాశాడు, మేక్ కొట్టాడు, వచ్చింది. మర్నాడు యూనిట్ రేటు మార్చి మళ్ళీ కొడితే పాత రేటే చూపిస్తోంది. "మేడమ్, మార్చిన గని మారుతలేదు" అంటూ వచ్చాడు. తెర మీద "బిల్లు ఈజ్ అప్ టు డేట్" అని ఉంది. ఫైలు తెరిచి చూస్తే రేటు మారే ఉంది. ఆ లైనుకు పైనా కిందా ఏముందో చదవమన్నాను. పైన, ఈ ఫైలు మీది తేదీ భవిష్యత్తులో ఉందని ఒక వార్నింగ్. కింద, క్లాక్ స్క్యూ కనపడింది, మీ బిల్డ్ అసంపూర్ణంగా ఉండొచ్చని ఇంకో వార్నింగ్. అతను మధ్య లైను మాత్రమే చదివాడు. తెర మూలన తేదీ చూశాం. ఎన్నో ఏళ్ళ కిందటి జనవరి 1. లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. మెయిన్ బ్యాటరీ ఎలాగూ నిలవదు. చార్జర్ పీకినప్పుడల్లా గడియారం మొదటికి పోతోంది. నెట్ తగిలినరోజు తేదీ సరిపోతోంది, నెట్ లేనిరోజు వెనక్కి పోతోంది. నిన్న తయారైన ప్రోగ్రామ్ మీద నిన్నటి తేదీ ఉంది, ఇవాళ మార్చిన సోర్స్ మీద ఎప్పటిదో తేదీ పడింది. మేక్ దృష్టిలో మారిందేమీ లేదు. బిళ్ళ మార్పించుకు రమ్మని పంపాను. మార్పించుకుని వచ్చి, "ఇది ఎవ్వలు చెప్పలేదు మేడమ్" అన్నాడు. నిజానికి కంప్యూటర్ చెప్పింది, అదీ రెండుసార్లు.

చదవకపోవడం కుర్రాళ్ళ జబ్బు అనుకుంటే పొరపాటు. పెద్ద కంపెనీల్లో పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళది కూడా ఇదే తీరు, కాకపోతే ఫైళ్ళు పెద్దవి. ప్రోటోబఫ్ అని ఒక పనిముట్టుంది. రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఏ రూపంలో మాట్లాడుకోవాలో చిన్న ఫైల్లో రాసిస్తే, దాన్నుంచి వేల లైన్ల కోడ్ తయారుచేస్తుంది. ఆ కోడ్ పైన, ఇది యంత్రం తయారుచేసింది, చెయ్యి పెట్టవద్దు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. నేను పనిచేసిన ఒకచోట ఒకాయన చెయ్యి పెట్టాడు. అర్ధరాత్రి కస్టమర్ ఫోన్ చేస్తే, అసలు ఫైలు మార్చి మళ్ళీ తయారుచేసే ఓపిక లేక, తయారైన ఫైల్లోనే ఒక లైను దిద్ది పంపేశాడు. పనిచేసింది, అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలలకు వేరే టీమ్‌లో ఇంకెవరో ఏదో ఫీల్డ్ కలిపి మళ్ళీ తయారుచేశారు. దిద్దిన లైను మాయమైంది, పాత తప్పు మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఆ సమయానికి దిద్దినాయన కంపెనీలోనే లేడు. రివ్యూలో ఎవరైనా పట్టుకోవాలి కదా అంటారా? ఇద్దరి లాప్‌టాప్‌లలో పనిముట్టు వర్షన్లు వేరు. మళ్ళీ తయారుచేసేసరికి ఫైలు మొదటి నుంచి చివరిదాకా మారినట్టు చూపించింది. అసలు మార్పు నాలుగు లైన్లు, తెర మీద ఎరుపూ ఆకుపచ్చా వేల లైన్లు. అంత చదివేవాడెవడు? "లుక్స్ గుడ్" అని కొట్టి టీ తాగడానికి పోయారు.

ఇదంతా ఆఫీసుల లోపలి గొడవ, పేపర్లో రాసేదాకా ఎందుకు అనిపించవచ్చు. 2024 మార్చి 29న బయటపడిన సంగతి చెబుతాను. దాదాపు లినక్స్ సర్వర్లన్నింటిలోనూ ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. లసే కొలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా దాన్ని చూసుకుంటున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి రెండేళ్ళకు పైగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం తీసుకున్నారు. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. 5.6.0, 5.6.1 వర్షన్లలో దొంగ తలుపు పెట్టారు. కొన్ని లినక్స్ సిస్టమ్‌లలో సర్వర్‌లోకి బయటినుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ దాకా దాని దారి వెళ్ళింది.

ఆ దారికి ద్వారం ఎక్కడ పెట్టారో చూడండి. అందరూ గిట్‌లో చూసే కోడ్‌లో కాదు. విడుదల చేసినప్పుడు ఇచ్చే టార్‌బాల్ అనే మూటలో. ఆటోకాన్ఫ్ అనే బిల్డ్ పనిముట్టు వాడే ప్రాజెక్టుల్లో, వాడేవాళ్ళకు శ్రమ తగ్గించడానికి, కాన్ఫిగర్ స్క్రిప్టు వంటి తయారైన బిల్డ్ ఫైళ్ళను ఆ మూటలో కలిపి ఇవ్వడం దశాబ్దాల అలవాటు. ఆ స్క్రిప్టులు వేల లైన్లుంటాయి, యంత్రం రాసినవి, మనిషి కంటికి గజిబిజి. గిట్‌లో ఉన్నదానికీ మూటలో ఉన్నదానికీ తేడా ఉండటం అక్కడ మామూలే. ఆ మామూలులోకి, బిల్డ్-టు-హోస్ట్ అనే పేరున్న ఎమ్‌4 ఫైల్లోకి, కొన్ని లైన్లు జారవిడిచారు. అసలు విషం పరీక్షల కోసమని పెట్టిన ఫైళ్ళలో దాగి ఉంది; బిల్డ్ నడిచేటప్పుడు ఈ లైన్లు దాన్ని బయటికి తీసి అతికిస్తాయి. డెబియన్, ఫెడోరా అనే లినక్స్ రకాల పరీక్షా దశ వర్షన్లదాకా అది వెళ్ళిపోయింది. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్. భద్రతా నిపుణుడేం కాదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని విసుక్కుని వెతికాడు. మనమైతే ఏం చేసేవాళ్ళం? క్లీన్ చేసి మళ్ళీ కొట్టేవాళ్ళం.

దాన్నొక గూఢచారి కథలా చెప్పుకుని మర్చిపోయారు చాలామంది. నాకు మాత్రం అది బిల్డ్ ఫైళ్ళ కథ. ఎవరూ చదవని చోటు ఏదో ఆ దొంగకు బాగా తెలుసు. మళ్ళీ తయారుచేసి పోల్చిచూసే అలవాటు ఏ ఒక్క చోట గట్టిగా ఉన్నా ఆ లైన్లు తేలేవి. డెబియన్‌లో కొందరు చాలా ఏళ్ళుగా రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ అనే పట్టుదలతో పనిచేస్తున్నారు. ఒకే సోర్స్‌ని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు బిల్డ్ చేసినా బైటు తేడా లేకుండా అదే రావాలన్నది వాళ్ళ పట్టు. వినడానికి చాదస్తంలా ఉంటుంది. ఒక పక్క తేదీ, ఒక పక్క ఫోల్డర్ పేరు, ఇంకో పక్క ఫైళ్ళ వరస, ప్రతిదీ అడ్డుపడేదే. నాకు మాత్రం ఆ చాదస్తులంటే మా వీధి డాక్టరుగారి మీద ఉన్నంత గౌరవం.

తెలుగుకి ఇందులో సొంత బాధ ఒకటుంది. గ్నోమ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులో చూపించే అనువాదాలు ప్రతి ప్రోగ్రామ్‌లోనూ పీఓ అనే ఫోల్డర్లో, టీఈ డాట్ పీఓ అనే ఫైల్లో ఉంటాయి. ఇంగ్లిష్ వాక్యం పైన, తెలుగు వాక్యం కింద. సోర్స్ మారినప్పుడల్లా పనిముట్లు ఈ ఫైళ్ళను మళ్ళీ తయారుచేస్తాయి. ఎక్కడో ఒక ప్రోగ్రామర్ ఇంగ్లిష్ వాక్యంలో ఒక మాట మార్చితే, కింద మన తెలుగు మీద ఫజీ అనే గుర్తు పడుతుంది. గుర్తు పడిన అనువాదం వాడేవాళ్ళకు కనపడదు, అక్కడ ఇంగ్లిషే వస్తుంది. స్వచ్ఛందంగా రాత్రిళ్ళు కూర్చుని చేసిన అనువాదం అది. దీనికితోడు ప్రతి వాక్యం పైనా అది సోర్స్‌లో ఏ లైన్లో ఉందో నంబరుంటుంది. పైన నాలుగు లైన్లు చేరితే కింద నంబర్లన్నీ జరుగుతాయి. ఫైలు నిండా మార్పులున్నట్టు చూపిస్తుంది, తీరా చూస్తే మారిన వాక్యం ఒక్కటే. తెలుగు తెర మీద మధ్యమధ్యలో ఇంగ్లిష్ ముక్కలు కనపడితే, తెలుగువాళ్ళకు భాషాభిమానం లేదని ఉపన్యాసాలిస్తారు. చాలాసార్లు ఆ ముక్కల వెనక ఉన్నది అభిమానం కొరత కాదు, మళ్ళీ తయారైన ఫైల్ని చూసే మనిషి లేకపోవడం.

అందుకే నా వాదన చిన్నది. మళ్ళీ తయారయ్యే ఫైళ్ళకు ఒక బాధ్యుడుండాలి, పేరుతో సహా. చాలా కంపెనీల గిట్‌లో ఏ ఫోల్డర్ మార్పుకి ఎవరు ఒప్పుకోవాలో రాసిపెట్టే ఫైలుంటుంది. పేమెంట్ల ఫోల్డర్‌కి నలుగురి పేర్లుంటాయి, లాగిన్‌కి ముగ్గురివి. బిల్డ్ ఫోల్డర్ దగ్గర "అందరూ" అని ఉంటుంది. అప్రైజల్‌లో కొత్త ఫీచర్‌కి మార్కులుంటాయి. బిల్డ్ పోకుండా చూసినదానికి ఉండవు, ఎందుకంటే పోలేదు కదా. అమ్మ అడిగిన ప్రశ్నే మేనేజర్లూ అడుగుతారు, కాస్త ఇంగ్లిష్‌లో.

తయారైన ఫైల్ని గిట్‌లో పెట్టాలా వద్దా అన్నదాని మీద మా వాళ్ళు కులాంతర వివాహం మీద కొట్టుకున్నంతగా కొట్టుకుంటారు. నాకు మతం లేదు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాళ్ళు వందకు పైగా సోర్స్ ఫైళ్ళను కలిపి ఒకే పెద్ద సీ ఫైలుగా తయారుచేసి ఇస్తారు, లోకమంతా దాన్నే వాడుతుంది, ఏ గొడవా లేదు. పెడితే పెట్టండి. కానీ ప్రతి మార్పుకీ సర్వర్ మీద, ఒకే వర్షన్ పనిముట్టుతో, దాన్ని మళ్ళీ తయారుచేయించి, పెట్టినదానితో పోల్చాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా బిల్డ్ ఆగిపోవాలి. లాప్‌టాప్‌లో తయారైనదాన్ని ఎవరూ నమ్మకూడదు, నాదైనా సరే. ఈ ఏర్పాటుకి పెద్ద ఖర్చు లేదు, కావాల్సింది ఒక మనిషి వారం రోజుల పని. ఆ వారం ఇమ్మని అడిగితే "ఈ స్ప్రింట్‌లో కుదరదు" అంటారు. ఏ స్ప్రింట్‌లోనూ కుదరదు.

ఇప్పుడు ఇవన్నీ ఏఐ చూసుకుంటుందిగా అంటున్నారు కుర్రాళ్ళు. మేవెన్‌కి బిల్డ్ ఫైలైన పామ్ ఫైలు రాసిమ్మంటే నిజంగానే క్షణంలో రాసిస్తుంది, బాగానే రాస్తుంది. కాకపోతే చదవని ఫైళ్ళ కుప్పలోకి ఇంకో ఫైలు చేరింది. తప్పొస్తే దానికే అతికిస్తారు, ఇంకోటి ఇస్తుంది. క్లీన్ చేసి మళ్ళీ కొట్టడానికి కొత్త పద్ధతి దొరికింది.

మొదట్లో చెప్పిన జిరాక్స్ నోట్స్‌ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, నేనూ వాటితోనే పైకొచ్చాను. కానీ ఒకటి చెప్పాలి. 2020 జనవరి 15న, సంక్రాంతి రోజు, మేవెన్ సెంట్రల్ అనే లైబ్రరీల గోదాము భద్రత లేని హెచ్‌టీటీపీ దారిని మూసేసింది. ముందే చెప్పి మూసింది, మంచిపనే చేసింది. ఆ దారిలో వచ్చే ఫైళ్ళను మధ్యలో ఎవరైనా మార్చెయ్యొచ్చు. పండక్కి ఊరెళ్ళి వచ్చి, పాత నోట్స్‌లో ఉన్న పామ్ ఫైల్ని యథాతథంగా టైపు కొట్టినవాళ్ళకు 501 అనే తప్పొచ్చింది. పక్కనే హెచ్‌టీటీపీఎస్ కావాలని స్పష్టంగా రాసి ఉంది. ఒక్క అక్షరం చేర్చితే సరిపోయేదానికి "సర్వర్ డౌన్ అంట" అని చెప్పుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా పాత అడ్రసుతోనే జిరాక్స్‌లు తిరిగాయి. నోట్స్ రాసినాయనకు కబురు అందలేదని కాదు. ఆ పేజీ అర్థం చేసుకోవాల్సిన పేజీ అని చెప్పేవాడూ అనుకోలేదు, వినేవాడూ అనుకోలేదు.

ఇన్‌స్టిట్యూట్లు నడిపేవాళ్ళకు, క్లాసులు చెప్పే సార్లకు ఒక మాట. డెమో క్లాస్ ఎలాగూ ఉచితంగా చెబుతారు. అందులో హలో వరల్డ్‌తో పాటు ఒక పని చేయించండి. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే సోర్స్ ఇచ్చి, మేవెన్‌తో జార్ ఫైలు తయారుచేయించండి. రెండు జార్‌ల చెక్‌సమ్ తీసి పోల్చమనండి. మామూలుగా అవి కలవవు. ఎందుకు కలవలేదో వాళ్ళనే వెతుక్కోనివ్వండి, చెప్పెయ్యకండి. జార్‌ని విప్పితే లోపల ప్రతి ఫైలుకీ తయారైన తేదీ, టైమ్ అంటి ఉన్నాయని వాళ్ళకే కనపడుతుంది. అప్పుడు పామ్‌లో ప్రాజెక్ట్ డాట్ బిల్డ్ డాట్ అవుట్‌పుట్‌టైమ్‌స్టాంప్ అనే లైను పెట్టి, అందులో ఒక తేదీ రాసి, మళ్ళీ కట్టమనండి. మేవెన్ ప్లగిన్లు కొత్తవైతే టైమ్ తేడా పోతుంది. అప్పటికీ చెక్‌సమ్ కలవకపోతే ఇద్దరి జేడీకే వర్షన్లు చూడాలి. అది రెండో రోజు క్లాసు.